అమెరికా హెవీ మెటల్ రాక్ బ్యాండ్ మెటాలికా ‘బ్లాక్ ఆల్బమ్’ అంతలా జనంలోకి వెళ్ళడానికి మ్యూజిక్ ఛానెల్ ఎంటీవీయే కారణమా?

కాదు. 1991 ఆగస్టులో ఆ ఆల్బమ్ వచ్చేనాటికి ఎంటీవీలో కనిపించే రాక్ బ్యాండ్లు బోలెడు. అసలు కారణం నాకు మా మావయ్య చెప్పాడు. ఆయనకి మెటాలికా పేరు కూడా తెలీదు.

మావయ్య కొవ్వూరులో భజన మండలికి మృదంగం వాయించేవాడు. 1995 వేసవి సెలవులకి హైదరాబాద్ హాస్టల్ నుంచి టేప్ రికార్డరూ రెండు క్యాసెట్లూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ముందు మెటాలికాదే, 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్ పెట్టాను. టైటిల్ పాటే దాదాపు పది నిమిషాలు. మావయ్య అరుగు మీద కూర్చుని, వేళ్ళతో తొడ మీద లెక్క వేసుకుంటూ చివరిదాకా విన్నాడు. “లెక్క గట్టిదేరా అబ్బాయ్. కానీ దీనికి జనం చిడతలు కలపలేరు. అందుకునేలోపే నడక మార్చేస్తున్నారు” అన్నాడు.

తర్వాత బ్లాక్ ఆల్బమ్‌లో ‘శాడ్ బట్ ట్రూ’ పెట్టాను. పాట ఊపందుకుందో లేదో ఆయన అరచెయ్యి అరుగు మీద పడింది. లోపల పప్పు రుబ్బుతున్న అత్తయ్య చెయ్యి కూడా అదే నడకలో తిరగడం గుమ్మంలోంచి చూశాను. “ఇదిగో, వీడు దెబ్బకీ దెబ్బకీ మధ్య జాగా ఇచ్చాడు. జనం వచ్చేది ఆ జాగాలోకే” అన్నాడు మావయ్య.

ఆ బ్యాండుకీ ఇదే తెలిసొచ్చింది. ‘జస్టిస్’ టూర్‌లో ఆ పొడుగు పాట వాయిస్తుంటే ముందు వరసలో జనం మొహాలు వేలాడేసేవారని గిటారిస్టు కర్క్ హామెట్ తర్వాత చెప్పుకున్నాడు. అందుకే బాబ్ రాక్‌ని ప్రొడ్యూసర్‌గా తెచ్చుకుని, లాస్ ఏంజెలెస్‌లో నెలల తరబడి కూర్చుని పాటలు కుదించారు, వేగం తగ్గించారు. ‘ఎంటర్ శాండ్‌మ్యాన్’ దాదాపు మొత్తం ఒక్క రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ వరస) చుట్టూ తిరుగుతుంది. ‘జస్టిస్’లో వినపడీ వినపడనట్టున్న జేసన్ న్యూస్టెడ్ బేస్ గిటార్ ఇందులో గుండెకి తగులుతుంది. మిక్సింగ్‌కి ఎంత తన్నుకున్నారో! నా దగ్గరున్నది కోఠీలో కొన్న రికార్డింగ్ క్యాసెట్. టేపు చాలక చివరి పాట సగంలో తెగిపోయింది. దానికీ పూర్తి డబ్బులే తీసుకున్నారు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అలాంటి క్యాసెట్‌లో కూడా ఆ బేస్ స్పష్టంగా వినిపించేది.

ఇంకో వాదన ఉంది. 1991 మే నుంచి అమెరికాలో ఆల్బమ్‌లకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టుకి సౌండ్‌స్కాన్ అనే అమ్మకాల లెక్కలు వాడారు, షాపుల్లో నిజంగా అమ్ముడైనవే లెక్కకొచ్చాయి, అందుకే మెటల్ పైకి తేలిందని. కొంత నిజమే. కానీ ఆ జూన్‌లో స్కిడ్ రో అనే ఇంకో బ్యాండ్ ఆల్బమ్ కూడా నేరుగా మొదటి స్థానంలోనే దిగింది. ఇవాళ దాన్ని వింటున్నవాళ్ళెవరు? బ్లాక్ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటీ అరవై లక్షల కాపీలు దాటింది.

మెటాలికా డబ్బు కోసం “అమ్ముడుపోయారు” అనే పాత అభిమానుల మాట వింటే నాకు కోపం వస్తుంది. వేగంగా వాయించడం వచ్చినవాడు కావాలని నెమ్మదించాడంటే, దానికి ఎంత ధైర్యం కావాలి! 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీలో, బ్లాక్ ఆల్బమ్‌లోని ‘నథింగ్ ఎల్స్ మాటర్స్’ మొదలవగానే నా చుట్టూ ఉన్న కుర్రాళ్ళంతా గొంతు కలిపారు. అందులో సగం మంది ఆల్బమ్ వచ్చేనాటికి పుట్టి కూడా ఉండరు.

నమ్మకం కలక్కపోతే ‘జస్టిస్’ టైటిల్ పాట, వెంటనే ‘శాడ్ బట్ ట్రూ’ పెట్టుకుని చేత్తో తాళం వేసి చూడండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, అందులో బేస్ చచ్చిపోతుంది.