క్షమాపణ ఎవరి వైపుది?

సందేహం: క్షమాపణ అంటే తప్పు చేసినవాడు చెప్పుకునేది కదా! క్రైస్తవులు ‘దేవుడు పాపక్షమాపణ ఇచ్చాడు’ అంటారు. ఇది సరైన ప్రయోగమేనా? సాతానును ‘అపవాది’ అనడం కూడా నాకు అర్థం కాదు. నిజంగా చేసిన తప్పునే ఎత్తిచూపితే అది అపవాదు ఎలా అవుతుంది?

సమాధానం: సంస్కృతంలో ‘క్షమాపణం’ అంటే క్షమించమని వేడుకోవడమే. ఆ లెక్కన మీ అనుమానం సబబు. తెలుగులో మాత్రం ఈ మాట రెండు వైపులకూ నడుస్తోంది. ఏ వైపుదో పక్కనున్న క్రియను బట్టి తెలుస్తుంది. చెప్పడం, కోరడం వస్తే తప్పు చేసినవాడిది. ఇవ్వడం, పొందడం, కలగడం వస్తే క్షమించినవాడి నుంచి వచ్చేది. కాబట్టి ప్రయోగం సరైనదే.

తెలుగు బైబిలులో ఎఫెసీ పత్రిక (అంటే లేఖ) 1:7 చూడండి. ‘మన అపరాధములకు క్షమాపణ మనకు కలిగియున్నది’ అని ఉంది. ‘కలుగును’ అని కాదు. ఎప్పుడో వస్తుందని ఆశ పెట్టడం లేదు, వచ్చేసి ఉందంటోంది. మూలంలో అక్కడున్న గ్రీకు మాట ‘అఫెసిస్’కు విడిచిపెట్టడం, విడుదల అని అర్థం. యేసు నేర్పిన ప్రభువు ప్రార్థనలో ‘మా ఋణములు క్షమించుము’ అన్నచోట క్రియ కూడా ఆ ధాతువుదే. మనం రోజూ వాడే ‘మాఫీ’ ఇందుకు దగ్గరగా ఉంటుంది. ఉర్దూ నుంచి వచ్చిన ఆ మాటకు మన్నింపు, బాకీ రద్దు అని రెండర్థాలూ ఉన్నాయి.

అపవాది సంగతికి ఇదే ఆధారం. సాతానుకు వాడిన గ్రీకు మాట ‘దియాబొలోస్’నే తెలుగులో ‘అపవాది’ అన్నారు. దియాబొలోస్ అంటే చాడీలు చెప్పేవాడు, నిందలు వేసేవాడు. ప్రకటన గ్రంథం 12:10 అతణ్ణి ‘నేరము మోపువాడు’ అంటుంది. మోపడమంటే బరువు ఎత్తిపెట్టడం. గడ్డిమోపు, కట్టెలమోపు మనకు తెలిసినవే. మీరన్నట్టు అతను ఎత్తిచూపే తప్పు నిజమే కావచ్చు. బాకీ ఉండేదన్నది అబద్ధం కాదు, ఇంకా ఉందన్నదే అబద్ధం. మాఫీ అయిన బాకీకి మళ్లీ నోటీసు పంపితే దాన్ని అపవాదు అనక ఏమంటాం? తప్పు ఒప్పుకున్న తర్వాత కూడా ‘నేను పనికిరాను’ అని రాత్రంతా టెన్షన్ పడేవాళ్లకు వినిపించేది ఆ పాత నోటీసే. రోమా 8:33 ‘నేరము మోపువాడెవడు?’ అని అడిగి, ‘నీతిమంతులుగా తీర్చువాడు దేవుడే’ అంటుంది. తీర్చడం అనే క్రియ ఇక్కడ చక్కగా కుదిరింది. తగవు తీర్చడం, తీర్పు ఇవన్నీ దాని చుట్టాలే.

ఒక్క జాగ్రత్త. ‘దేవుడు క్షమాపణ చెప్పాడు’ అని మాత్రం రాయకండి. ఆయనే మనకు సారీ చెప్పినట్టవుతుంది!