కజిన్ జాక్ మనకు బావ అవుతాడా?

సందేహం: కోలారు బంగారు గనుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడ పనిచేసిన కార్న్‌వాల్ గనివాళ్ల ‘కజిన్ జాక్’ జోకులు అందులో కొన్ని ఉన్నాయి. కజిన్‌ను ‘బావ’ అనవచ్చా? ఈ జోకుల్ని ఎకసెక్కాలు అనాలా, పరాచికాలు అనాలా?

సమాధానం: బావ అనకండి. ఊరించే మాటే, కాదనను. పరాచికాలాడే హక్కు మన ఇళ్లలో ముందు బావదే. కానీ బావ అనగానే అతను మేనత్త కొడుకో మేనమామ కొడుకో అక్క మొగుడో అయివుండాలి, తనకన్నా పెద్దవాడై ఉండాలి. ఇంగ్లిష్ కజిన్‌కు ఈ బాధ్యతలేవీ లేవు. ఈ జోకు నిలబడింది సరిగ్గా ఆ లేకపోవడం మీదే.

కార్న్‌వాల్ ఇంగ్లండు నైరుతి కొసన ఉంది. ఒకప్పుడు రాగి, తగరం గనుల సీమ. 1860ల్లో రాగి ధర కూలాక అక్కడి గనివాళ్లు వేల సంఖ్యలో వలస పోయారు. దక్షిణ ఆస్ట్రేలియాలో మూంటా, అమెరికాలో మిషిగన్, కాలిఫోర్నియాలో గ్రాస్ వ్యాలీ, 1880ల నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ నడిపిన మన కోలారు గనులు. అలా వలస పోయిన గనివాళ్లకు కజిన్ జాక్ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పుకునే కథ ఒకటుంది: దొర “నీలాంటి పనివాడు ఇంకొకడు దొరుకుతాడా?” అని అడిగితే, ఎవణ్ణి అడిగినా “ఊళ్లో మా కజిన్ జాక్ ఉన్నాడండీ” అనేవాడట. ఆ జాక్ నిజంగా చుట్టమో, పక్కింటివాడో తేలకూడదు. మీరు “మా చిన్నాన్న కొడుకు” అని రాశారంటే వంశవృక్షం చేతిలో పెట్టినట్టే, నవ్వు పోయింది. సంభాషణలో “మావాడొకడున్నాడండీ, జాక్ అని” అనిపించండి. సిఫారసు చేసేటప్పుడు మన నోట వచ్చేది అదే. చుట్టరికం నిలదీస్తే జారుకునే వీలున్నదీ అదే. పేరుగా వచ్చినచోట మాత్రం కజిన్ జాక్‌ను కదపకండి. ఆడవాళ్లకు వచ్చే ‘కజిన్ జెన్నీ’ కూడా అంతే.

ఇక రెండో ప్రశ్న. ఎకసెక్కెంలో అవతలివాణ్ణి చిన్నబుచ్చడం ఉంది. బయటివాళ్లు కార్న్‌వాల్ యాసను వెక్కిరించిన చోట అది సరిపోతుంది. జట్టులో వాళ్లలో వాళ్లు ఆడుకునేవి పరాచికాలు. అయితే ఈ కథల్లో అసలు సరుకు వేరు. ఏమీ తెలియని మొహం పెట్టి గని కెప్టెన్ నోరు మూయించే జవాబు. దానికి మనకు ఛలోక్తి ఉంది. ఛలం, ఉక్తి కలిస్తే ఛలోక్తి. ఛలమంటే మిష, మాయ. పత్రికల్లో కనిపించే ‘చలోక్తి’లో వత్తు ఎగిరిపోయింది, దాంతో మాయా ఎగిరిపోయింది.

ఆ మాయకు మూలం కూలి లెక్కలో ఉంది. ఇది తప్పు రాస్తే సగం జోకులు అర్థం కావు. టట్‌వర్క్ అంటే తవ్విన కొలతకు కూలి, ఆరడుగుల ఫాథమ్‌కు ఇంత అని. మనకు బార ఉండనే ఉంది కాబట్టి ‘బారకు ఇంత చొప్పున గుత్త’ అనండి. ట్రిబ్యూట్ వేరు. ఒక జట్టు గనిలో కొంత చోటును వేలంలో పాడుకునేది. తీసిన ఖనిజం విలువలో పౌను డబ్బుకు ఇన్ని షిల్లింగులు ఆ జట్టువి. చోటు పేలవమైతే వాటా రేటు ఎక్కువ, గొప్పదైతే తక్కువ. అందుకని మంచి రాయి కంటబడ్డా మొహం వేలాడేసుకోవడం పనివాడికి లాభం, ఆ నటన పట్టడం కెప్టెన్ ఉద్యోగం. ట్రిబ్యూట్‌ను ‘పాలికి తీసుకోవడం’ అనవచ్చు. ‘కౌలు’ కుదరదు, కౌల్లో కట్టేది ముందే ఖాయం. నిఘంటువు చూసి ‘కప్పం’ అన్నారో, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ తారుమారవుతారు. కెప్టెన్ అంటే సైన్యమో క్రికెట్టో అనుకుంటారు కనక మొదటిసారి ‘గని కెప్టెన్’ అని రాయండి. పనులు పంచేదీ, కొలిచేదీ, రేటు కట్టేదీ ఆయనే. మేస్త్రీ అంటే హోదా దిగిపోతుంది.

సరిహద్దులోని టేమర్ నది దాటి సైతాను కార్న్‌వాల్‌లో అడుగుపెట్టలేదట, తననూ పేస్టీలో కూరి కాల్చేస్తారని భయం! ఇక్కడ అచ్చుతప్పుతో ‘పేస్ట్రీ’ పడితే సైతాను క్రీము కేకులో కూర్చుంటాడు. పేస్టీ అంటే గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లి, టర్నిప్‌లాంటి దుంప పెట్టి అంచు మలిచి కాల్చినది. కజ్జికాయ ఆకారం చెప్పండి గానీ ఆ పేరు పెట్టకండి, తీపి గుర్తొస్తుంది.

యాస కోసం శ్రీకాకుళం పలుకుబడో తెలంగాణ పలుకుబడో అరువు తేవద్దు. చదివేవాడు జాక్‌ను వదిలేసి ఆ జిల్లాను చూసి నవ్వుతాడు.

ఒక్క జోకు మాత్రం వ్యాకరణమే. కార్న్‌వాల్ మాండలికంలో ప్రాణం లేని వస్తువును కూడా ‘హీ’ అంటారు. మగపిల్లి తప్ప అన్నీ ‘హీ’యేనని, అది మాత్రం ‘షీ’ అని వాళ్లే చెప్పుకుని నవ్వుకుంటారు. దీన్ని క్రియలో చూపించబోతే మునుగుతారు. తెలుగు ఏకవచనంలో ఆవిడా వచ్చింది, పిల్లీ వచ్చింది, తేడా ఏదీ? సర్వనామంలో చూపించండి: “కార్న్‌వాల్‌లో సుత్తీ వాడే, గంపా వాడే, పాలిచ్చే ఆవూ వాడే, గండుపిల్లి ఒక్కటే ఆవిడ.”