బిడ్డ జబ్బు నాకు శిక్షా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఆయన పోయినాక మిషన్ కుట్టుకుంటూ పాపను సాకుతున్నా. పాపకు ఫిట్స్ వస్తే, దశమభాగం (సంపాదనలో పదోవంతు) సరిగ్గా ఇవ్వనందుకే శాపం తగిలిందని మా మందిరంలో పాస్టరు గారు అందరి ముందూ అన్నారు. మాత్రలు మాన్పించి ఉపవాస ప్రార్థనకు తెమ్మన్నారు. నేను మాన్పించలేదు. ఇప్పుడు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చికి పోతున్నా, అక్కడ మనసు నిమ్మళంగా ఉంది. 'వెనక్కి జారిపోయినావు, నరకానికి పోతావు' అని మా అమ్మ ఏడుస్తోంది. యేసు వచ్చి నమ్మినవాళ్లను ఉన్నపళంగా ఆకాశంలోకి తీసుకుపోతాడని, దాన్నే 'ఎత్తబడటం' అని ఆ పాత మందిరంలో చెప్పేవాళ్లు. మొన్న నేను పాలకు పోయొచ్చేసరికి, అమ్మ ఎత్తబడింది, నన్ను వదిలేసిందని పాప వాకిట్లో వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఒకవేళ వాళ్లు చెప్పిందే నిజమైతే?
- పేరు రాయలేని సోదరి

జవాబు: తల్లీ, ముందు పాప సంగతి. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మీరు ఆపకపోవడం చాలా మంచిదైంది. డాక్టరు చెప్పేదాకా ఒక్క పూట కూడా తప్పించొద్దు. మీ పక్కనే జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు ఆసుపత్రి పెట్టింది ప్రార్థన మీద నమ్మకం లేక కాదు కదా.

నేను గుత్తిలో సంఘకాపరిగా ఉన్నప్పుడు బిడ్డను పోగొట్టుకున్న ఒకామె 'నేనేం పాపం చేసినానయ్యా' అని అడిగేది. ఆమెకు చదివి వినిపించిందే మీకూ రాస్తున్నా. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, 'వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు' అన్నాడు యేసు. యోహాను తొమ్మిదో అధ్యాయం తెరిచి మీరే చదువుకోండి.

దశమభాగం మాటకు మాత్రం నాకు కోపమొస్తోంది. దశమభాగం ఇవ్వనివాళ్లకు శాపమనే మలాకీ గ్రంథం చదివి భయపెట్టేవాళ్లు ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర ఎందుకు చదవరు? మూడేళ్లకోసారి ఆ దశమభాగం తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు కడుపునిండా తినాలని అక్కడ రాసుంది. ఆ లెక్కన మందిరం నుంచే మీ ఇంటికి బియ్యం రావాలి.

ఎత్తబడటం గురించి పౌలు రాసింది, అయినవాళ్లను పోగొట్టుకుని దుఃఖంలో ఉన్న థెస్సలొనీక సంఘానికి. 'ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి' అని ఆ భాగం ముగించాడు. భర్త పోయిన మీకు అది ఓదార్పు కావాలి. కొందరు ముందుగా మాయమైపోతారు, మిగిలినవాళ్లు లోకాంతపు శ్రమల్లో చిక్కుకుంటారన్న వరసను 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు ప్రచారంలోకి తెచ్చాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు నోట్సుతో అది ఇంకా పాకింది. అది ఒప్పుకోకపోయినంత మాత్రాన మీరు యేసును వదిలినట్టు కాదు.

పాపను వదిలి బయటికి పోయేటప్పుడు ఎక్కడికో, ఎంతసేపటికి వస్తారో చెప్పి వెళ్లండి. పడుకునే ముందు తప్పిపోయిన గొర్రె కథ చెప్పండి. చిన్నప్పటి నుంచి ఎక్కిన భయం మీకూ ఒక్కరోజులో దిగదు. రాత్రి అది లేచినప్పుడు దేవుడే గద్దిస్తున్నాడని అనుకోకండి.

అమ్మతో వాదం పెట్టుకోవద్దు. ఆమె ఏడుపులో ఉన్నదీ ప్రేమే. ఆమెకు వచ్చిన కీర్తనలు ఇంట్లో కలిసి పాడుకోండి. దశమభాగం బాకీ అంటూ ఎవరైనా గడప తొక్కితే మాత్రం ఒంటరిగా మాట్లాడొద్దు. మీ చర్చి పెద్దల్లో ఒకరిని పిలిపించుకుని, ఆ డబ్బు పాప మందులకని చెప్పేయండి.