మరపు కంటే ముందు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. తాతయ్య మనవరాలి పేరు మరిచిపోయే చోట కళ్లు చెమర్చాయి. అయినా ఆ ఘట్టం తీసేయమంటాను. మెదడు పనితీరు క్షీణించే డిమెన్షియా జబ్బు అంటే మరపేనని అందరి మనసుల్లో ఇప్పటికే నాటుకుపోయింది. మరపుతో మొదలు కాని రకాలను ఇంట్లోవాళ్లు పోల్చుకోలేకపోవడానికి అదీ ఒక కారణం.

మా అన్నయ్యకు యాభై రెండో ఏట మొదలైంది. ఫోన్ నంబర్లు, పాత లెక్కలు అన్నీ నోటికి వచ్చేవి. ప్రాణస్నేహితుడు పోయిన రోజున, ఏడుస్తున్న ఆయన భార్య ఎదుట నిలబడి, "తినడానికి తీపి ఏమైనా ఉందా?" అని అడిగాడు. ఆ రాత్రి నేను అన్నయ్యను నానా మాటలూ అన్నాను. పొగరు అనుకున్నాం. రెండేళ్ల తర్వాత గానీ ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అని తేలలేదు. మెదడు ముందు భాగమూ కణతల వైపు భాగమూ క్షీణించే జబ్బు అది. ఎదుటివారి బాధ పట్టకపోవడం, తీపి మీద యావ, మాటకు అదుపు లేకపోవడం దాని లక్షణాలే. ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు 1892లోనే ఈ కోవకు చెందిన రోగి గురించి రాశాడు.

ఇందులోనే ఇంకో రకంలో మాటల అర్థాలు జారిపోతాయి. చెంచాతో తింటూనే "చెంచా అంటే ఏమిటి?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న నీ కథను నిలబెడుతుంది.

లూయీ బాడీ డిమెన్షియా అనే మరో రకంలో కలలోని కొట్లాటకు నిద్రలోనే చేతులూ కాళ్లూ విసరడం ఏళ్ల ముందే మొదలు కావచ్చు. తర్వాత గదిలో లేని పిల్లలు కనిపిస్తారు. ఉదయం తేటగా ఉన్న మనిషి మధ్యాహ్నానికి అయోమయంలో పడతాడు. ఇక్కడ ఒక్కమాట తప్పకుండా రాయి: ఆ భ్రమలు తగ్గించడానికి హాలోపెరిడాల్ వంటి మందు ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అనుమానం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

వేరే రకంలో, కళ్లలో లోపం లేకున్నా, ఎదురుగా ఉన్న గ్లాసుకు అంగుళం పక్కన చెయ్యి వేసేవాళ్లూ ఉంటారు. కళ్లజోళ్లు మారుస్తూనే ఉంటారు. లోపం మెదడు వెనుక భాగంలో ఉంటుంది.

అలాగని ప్రతి చిరాకునూ జబ్బు చేయకు. దిగులు, థైరాయిడ్ లోపం, బి12 తక్కువ కావడం కూడా మనిషిని మార్చేస్తాయి, వాటికి వైద్యం ఉంది. ఆ మనిషి నిన్నటిదాకా ఎలా ఉండేవాడో ముందు రాయి. అప్పుడే మార్పు కనిపిస్తుంది.

మనవరాలు తాతయ్య మీద మండిపడే ఘట్టం ఒకటి పెట్టు. ఆమె కోపాన్ని మెత్తబరచకు. ఆ రాత్రి నేను అన్నయ్యను అన్న మాటలు ఒక్కటీ మరిచిపోలేదు, కావాలంటే చెబుతాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు