పటం మీద ముందు నీళ్లు, తర్వాత మతాలు

గుంటూరు

అమ్మాయీ,

పెదనాన్న ఆశీస్సులు. తొమ్మిదో తరగతికి ప్రపంచ మతాలు, వాటి వ్యాప్తి నువ్వే చెప్పాలన్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. పాఠం బుద్ధుడితోనో, క్రీస్తుతోనో, ప్రవక్తతోనో మొదలుపెట్టకు. నేలతో, నీళ్లతో, గాలితో మొదలుపెట్టు. మతం పేరు చెవిన పడేలోపే దారి పిల్లల కళ్లకు కట్టాలి. దారి తెలిసిన పిల్లవాడు ఎవరు ఎటు వెళ్లారో తనే ఊహించి చెబుతాడు. తెలియనివాడు ‘బౌద్ధం చైనాకు వ్యాపించెను’ అని బట్టీ పట్టి, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతాడు.

సామాను పెద్దగా అక్కర్లేదు. నలభైమంది పిల్లలుంటే ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు చెయ్యి. జట్టుకి ఏ3 సైజు ప్రపంచ పటం ఒకటి, అదే సైజు ట్రేసింగ్ పేపర్లు నాలుగు. చినిగేవి చినుగుతాయి కాబట్టి ముప్ఫై రెండుకు బదులు నలభై తీసుకో. అరండల్‌పేట స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. దేశాల సరిహద్దులున్న పటం మాత్రం కొనకు. ఆ గీతలు కనిపిస్తే చైనా నుంచి వచ్చిన బౌద్ధ యాత్రికుడు ఫాహియాన్ పాకిస్తాన్ మీదుగా వచ్చాడని రాస్తారు, తప్పు దిద్దడంతోనే పీరియడు అయిపోతుంది. కొండలు, నదులు, తీరం మాత్రమే ఉన్న పటం కావాలి. రంగు పెన్సిళ్లు వాడించు. స్కెచ్ పెన్ను సిరా ట్రేసింగ్ పేపరు మీద త్వరగా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. ప్రతి కాగితానికీ నాలుగు మూలలా ప్లస్ గుర్తులు పెట్టించు. కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినప్పుడు ఆ గుర్తులు కలవకపోతే అరబ్బు ఓడ ఎడారిలో తేలుతుంది.

మొదటి కాగితం మీద పన్నెండే గుర్తులు: హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, హిందూకుష్, తక్లమకాన్ ఎడారి, అరేబియా ఎడారి, సహారా, నైలు, టైగ్రిస్-యూఫ్రటీస్, సింధు, గంగ, కృష్ణ, హ్వాంగ్‌హో. ఇంకా పెట్టాలనిపిస్తుంది, పెట్టకు. రెండో కాగితం గాలులకు, మూడోది సరుకులకు. మతాలు నాలుగో కాగితం మీదే.

ఇక గ్లోబు. బడిలో 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు ఉంటే దాని మీద ఒక సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లు. బోధ్‌గయ నుంచి చాంగాన్‌కి, అంటే నేటి షియాన్‌కి, దారం తిన్నగా లాగి కొలిపించు. ఆరు సెంటీమీటర్లు వస్తుంది. అదే దారాన్ని గయ నుంచి తక్షశిలకు, అక్కణ్ణుంచి కాష్గర్‌కు, తక్లమకాన్ అంచునే తున్‌హువాంగ్‌కు, చివరికి చాంగాన్‌కు వంచి పరిపించు. పన్నెండు దాటుతుంది. అప్పుడు అడుగు: బౌద్ధ భిక్షువులు దగ్గర దారి వదిలి రెట్టింపు ఎందుకు నడిచారు? మొదటి కాగితం పైన పరిస్తే సమాధానం కనపడుతుంది, తిన్నని దారం టిబెట్ పీఠభూమి మీదుగా పోతుంది. వంకర దారిలో ఎడారి అంచున ఖోటాన్, కూచా, తుర్ఫాన్ లాంటి నీళ్లున్న ఊళ్లున్నాయి. ఒంటెలు ఆగేచోట వర్తకుడు ఆగుతాడు, వర్తకుడు ఆగేచోట భిక్షువుకు భిక్ష దొరుకుతుంది, భిక్ష దొరికేచోట విహారం లేస్తుంది. తున్‌హువాంగ్‌లో మొదటి గుహ 366లో తొలిచారంటారు. 401లో చాంగాన్ చేరి బౌద్ధ గ్రంథాలను చైనీయంలోకి అనువదించిన కుమారజీవుడు పుట్టింది కూచాలోనే. ఈ ఒక్క దారం పనికి పీరియడంతా ఇవ్వు, తొందరపడకు.

గాలుల కాగితం మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి బాణాలు ఒక రంగులో, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య బాణాలు ఇంకో రంగులో. అరేబియా దక్షిణ కొసన ఉన్న ఏడెన్ రేవు నుంచి కాలికట్‌కు గ్లోబు మీద ఎనిమిది సెంటీమీటర్లు, సుమారు 3,400 కిలోమీటర్ల సముద్రం. రోము కాలంలో ఈజిప్టు రేవుల్లో జులైలో బయలుదేరిన ఓడ నైరుతి గాలివాటున మలబారు చేరేది. తిరిగి వెళ్లాలంటే గాలి మళ్లాలి, అంటే డిసెంబరు, జనవరి. మధ్యలో నెలల తరబడి ఆ మనిషి రేవులోనే ఉండాలి. అన్నం ఎవరు పెట్టారు, సరుకు ఎక్కడ దాచాడు, ప్రార్థన ఎక్కడ చేసుకున్నాడు అని అడుగు. మసీదు, చర్చి, యూదుల సినగాగ్ కేరళ తీరంలో అంత పాతవి కావడానికి సగం కారణం ఆ ఎదురుచూపు. కొల్లంలో 849లో ఒక చర్చికి ఇచ్చిన రాగి శాసనం ఉంది. దాని మీద సాక్షులు అరబ్బీ, పహ్లవీ (పాత పర్షియా లిపి), హీబ్రూ లిపుల్లో సంతకాలు చేశారు. చర్చికి ఇచ్చిన దానానికి ముస్లిం, పార్శీ, యూదు వర్తకులు సాక్షులు. ఈ ఒక్క విషయం బోర్డు మీద రాసి ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఊరుకో, ప్రశ్నలు వాళ్లే వేస్తారు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఈ కాగితాలు చూశాక పిల్లలు భూగోళమే అంతా చేసిందనుకుంటారు. అలా వదిలేస్తే మనం చెప్పింది తప్పవుతుంది. సుమత్రాకు, బాలికీ ఒకే సముద్రం, అవే గాలులు. సుమత్రాలోని పాసాయ్‌లో పదమూడో శతాబ్దం చివరికి ముస్లిం సుల్తాను ఉన్నాడు, బాలి ఈనాటికీ హిందువులది. జపానుకు ఓడల దారి ఎప్పుడూ ఉంది, అయినా 1614లో అక్కడి పాలకులు క్రైస్తవాన్ని నిషేధించారు. అందుకని ప్రతి దారికీ మూడు ప్రశ్నలు వేయించు: దారి ఉందా? ఎవరు నడిచారు? ఆదరించిందెవరు, అడ్డగించిందెవరు? మొదటిదానికే భూగోళం సమాధానం. మిగతా రెండూ మనుషులవి.

‘ఇస్లాం కత్తితో వచ్చింది’ అని ఒకడు, ‘వర్తకంతో వచ్చింది’ అని ఇంకొకడు లేస్తాడు. ఇద్దరినీ పటం దగ్గరికి పిలువు. సింధుకు 712లో సైన్యం వచ్చింది, మలబారుకు వర్తకులు వచ్చారు, మతం ఒకటే. ‘ఎక్కడ, ఎప్పుడు’ అన్న రెండు మాటలు చేర్చకుండా ఏ మతం గురించీ వాక్యం రాయనివ్వకు. క్రైస్తవానికీ అదే నియమం. 313లో రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆ మతాన్ని పాటించుకోనిచ్చాడు, 380లో థియోడోసియస్ దాన్ని సామ్రాజ్యపు మతం చేశాడు. ఈ రెంటినీ ఒకటిగా రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పుట్టిన తేదీ, ఒక చోటికి చేరిన తేదీ, అక్కడ ఎక్కువమంది స్వీకరించిన కాలం మూడూ వేరు. నాలుగో కాగితం మీద వీటికి మూడు వేర్వేరు గుర్తులు పెట్టించు.

1453 సంగతి కూడా చెప్పాలి. ఒట్టోమన్లు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకోవడంతో దారి మూసుకుపోయి యూరపువాళ్లు సముద్రం పట్టారని బిట్లలో అడుగుతారు. పరీక్షకు ఆ సమాధానం చెప్పు. దాని పక్కన 1415 కూడా రాయించు, ఆ ఏడే పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా తీరంలో సియూటా పట్టుకున్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ల ముందే బయలుదేరినవాళ్లకు 1453 ఒక్కటే కారణం ఎలా అవుతుందో వాళ్లే ఆలోచిస్తారు. 1498లో వాస్కో డ గామా కాలికట్ వచ్చింది మిరియాల కోసం. ఆ పోర్చుగీసు ఓడల మీదే అమెరికా నుంచి మిరప మన దేశానికి చేరింది. మన మిర్చి యార్డు ఆ దారికి చివరి మజిలీ అని చెబితే సరుకుల కాగితం మీద గుంటూరు ఎందుకుండాలో ఎవరూ అడగరు.

ఇప్పుడు మన నేల. దీనికి రెండు పీరియడ్లు ఎక్కువే ఇవ్వు, ప్రపంచ పటం మీద కృష్ణ వెంట్రుక మందం కూడా ఉండదు కాబట్టి నాగార్జునకొండ నుంచి హంసలదీవి దాకా నది ఒక్కటే వేరే చార్టు మీద గీయించు. దాని మీద నాగార్జునకొండ, అమరావతి, ఉండవల్లి, భట్టిప్రోలు, ఘంటసాల, మచిలీపట్నం పెట్టించు. బౌద్ధ స్తూపాలన్నీ నది వెంట, సముద్రానికి పోయే దారిలో ఎందుకున్నాయో చార్టే చెబుతుంది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన రేవుల్లో ఘంటసాల ఉంది. ఈనాడది సముద్రానికి దూరంగా లోపలికి ఉంది, నది ఒండ్రు తెచ్చి తీరాన్ని ముందుకు జరిపింది. రేవు చచ్చిపోవడానికి శత్రువు రానక్కర్లేదని పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది. మచిలీపట్నానికి 1864 నవంబరు తుఫాను చేసిన నష్టం కూడా దీని పక్కనే చెప్పు.

అమరావతి శిలలు పలనాటి సున్నపురాయి. ఆ రాయి మెత్తన, ఉలికి లొంగుతుంది, అందుకే వేళ్ల కణుపులు కూడా కనిపించేంత పని చేయగలిగారు. ఇచ్చినవాళ్ల పేర్లు ఆ రాళ్ల మీదే ఉన్నాయి. తోలుపని చేసే విధికుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన శిల ఇచ్చాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఆయన చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. ఒకే ఇంట్లో రెండు దారులు. అక్కడే ఉపాసిక బోధిశ్రీ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ (బెంగాల్), వనవాసి (కర్ణాటకలోది), తంబపణ్ణి (శ్రీలంక) పేర్లున్నాయి. ఆ పేర్లన్నీ ప్రపంచ పటం మీద వెతికించు, మూడో శతాబ్దపు పలనాడు ఎంత దూరం చూసిందో అర్థమవుతుంది. బౌద్ధం ఎందుకు తగ్గిందంటే ఒక్క కారణం చెప్పకు. రోము వర్తకం సన్నగిల్లింది, దానాలిచ్చే కుటుంబాలు తగ్గాయి, రాజుల ఆదరణ మళ్లింది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకం, అంటే అమరావతి ప్రాంతం, వచ్చేసరికి చాలా విహారాలు పాడుబడి ఉన్నాయి.

పిల్లల్ని తీసుకెళ్లేటట్లయితే ఉండవల్లి పొద్దున్నే, ఎండెక్కకముందు. పై అంతస్తులో పడుకుని ఉన్న అనంతపద్మనాభుణ్ణి చూసే ముందు కింది అంతస్తు గదుల తీరు చూపించు, సన్యాసులుండే విహారం పోలిక అక్కడ తెలుస్తుంది. తర్వాత అమరావతి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకు. స్తూపం దగ్గర దిబ్బ తప్ప ఏమీ లేదని పిల్లలు నీరసపడతారు. శిల్పాల్లో చాలాభాగం చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందుకని ఫొటోలు ముందే ప్రింటు తీయించి పట్టుకెళ్లు. నలగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన గుండ్రటి శిల్పం తప్పకుండా ఉండాలి. ఎడమవైపు ఏనుగు మనుషుల్ని తొక్కుతూ వస్తుంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతుంది, మేడ మీద నుంచి జనం చూస్తుంటారు. రెండు క్షణాలను ఒకే రాతి మీద ఎలా చూపాడో వాళ్లచేతే చెప్పించు. అమరేశ్వరాలయం అక్కడికి దగ్గరే, కృష్ణ ఒడ్డునే. సమయం మిగిలితే అక్కడికీ తీసుకెళ్లు.

తరగతిలో మాట విషయం. నీ పిల్లల్లో గుణదలకు వెళ్లేవాళ్లు, దుర్గ గుడికి వెళ్లేవాళ్లు, దర్గాకు వెళ్లేవాళ్లు అందరూ ఉంటారు. ‘మన మతం, వాళ్ల మతం’ అనకు. ‘ముస్లింలు ఇలా నమ్ముతారు, క్రైస్తవులు ఇలా నమ్ముతారు’ అను, హిందువుల గురించి చెప్పేటప్పుడూ అదే వాక్యం. ముస్లిం పిల్లవాణ్ణి లేపి ‘మీ మతం గురించి చెప్పు’ అనకు, పద్నాలుగేళ్లవాడి మీద అంత బరువు పెట్టకూడదు. చార్టు మీద ప్రవక్త బొమ్మ వేయించకు, మక్కా, మదీనా, ఆయన మక్కా నుంచి మదీనా వెళ్లిన 622 చాలు. ఏ మతానికి ఎన్ని నిమిషాలు ఇస్తున్నావో పుస్తకంలో రాసుకో, తెలియకుండానే మనకు అలవాటైనదానికి ఎక్కువ పోతుంది. ఎవరైనా ఇంట్లో విన్న కటువు మాట అంటే కసరకు, ‘ఎక్కడ, ఎప్పుడు, ఎలా తెలుసు’ అని అడిగి పటం దగ్గరికి పంపు.

యూనిట్ టెస్టుకు ‘బౌద్ధ వ్యాప్తికి కారణాలు రాయుము’ అని ఇవ్వకు, గైడులో ఉన్నదే దిగుతుంది. ఫాహియాన్ 399లో నేల దారిన బయలుదేరి 412లో సముద్రం మీదుగా చైనా చేరాడని చెప్పి, వెళ్లిన దారిలో ఎదురైన కష్టం, వచ్చిన దారిలో ఎదురైన కష్టం పటం చూసి రాయమను. ఐదు మార్కుల్లో రెండు దారి గీసినందుకు, రెండు కారణానికి, ఒకటి కాలం సరిగా రాసినందుకు ఇవ్వు. పటం లేకుండా ఎంత చక్కగా రాసినా మూడుకు మించి వెయ్యకు, ఆ సంగతి ముందే చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న