మెత్తని మట్టికి సిమెంట్ కలిపితే సరిపోతుందా? ఫ్లై యాష్, స్లాగ్ వాడొచ్చా?

ఇల్లు కట్టే చోట మట్టి మెత్తగా ఉంది, సిమెంట్ కలిపి రోలర్ తొక్కిస్తే చాలని కాంట్రాక్టర్ అంటున్నాడు, బదులుగా ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద), స్లాగ్ (ఉక్కు కర్మాగారాల కొలిమి చిట్టెం పొడి) వాడొచ్చా అని అడిగారు. వాడొచ్చు. కానీ ఏది పనికొస్తుందో చెప్పాల్సింది మీ మట్టే. సైట్ ఇంజినీరుగా ఈ పనులు చేయించాను కాబట్టి చూసింది చెబుతాను.

ఇసుక ఎక్కువున్న మట్టికి సిమెంట్ బాగా పట్టుకుంటుంది. పొడి మట్టి బరువులో సాధారణంగా 4 నుంచి 10 శాతం దాకా కలుపుతారు. అసలు చిక్కంతా జిగట బంకమట్టితోనే. గడ్డలు చితకవు, సిమెంట్ ఆ గడ్డల పైపైనే అంటుకుంటుంది, లోపల పచ్చి మట్టి అలాగే ఉంటుంది. అలాంటి చోట ముందు సున్నం కలపాలి. సున్నంలోని కాల్షియం బంక రేణువులను పట్టుకోగానే జిగట తగ్గి, ఒకటి రెండు రోజుల్లో మట్టి పొడిపొడిగా విడిపోతుంది. అసలు బలం మాత్రం వారాలు, నెలల మీద వస్తుంది. తొందరగా కావాలంటే, జిగట తగ్గాక కొంచెం సిమెంట్ కలుపుతారు. సున్నం ఎంత కావాలో ఊహించక్కర్లేదు: మట్టిని నీళ్లలో కలిపి, దాని పీహెచ్ (క్షారగుణం కొలత) 12.4కి చేరడానికి ఎంత సున్నం పడుతుందో చూస్తే ల్యాబ్‌లో త్వరగానే తేలుతుంది.

ఫ్లై యాష్‌లో కాల్షియం తక్కువుండే రకం ఒంటరిగా ఏమీ చేయదు, సున్నమో సిమెంటో తోడు కావాలి. స్లాగ్‌కీ తోడు ఉంటేనే వేగం. "సిమెంట్ బదులు" అని అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు!

టెస్టుల్లో సల్ఫేట్, సేంద్రియ పదార్థం తప్పక అడగండి. ఒక సైట్‌లో మట్టిలో జిప్సం (సల్ఫేట్ ఉండే ఖనిజం) ఉన్నా, టెస్ట్ ఖర్చు దండగని యజమాని వద్దన్నాడు. సున్నం కలిపి చదును చేశారు, వానలు పడ్డాక నేల అక్కడక్కడ ఉబ్బి లేచింది. కాల్షియం, మట్టిలోని అల్యూమినా, సల్ఫేట్, నీళ్లు కలిస్తే ఎట్రింజైట్ అనే స్ఫటికం పుట్టి ఉబ్బుతుంది. అలాంటి మట్టికి స్లాగ్ ఎక్కువ, సున్నం తక్కువ ఉన్న మిశ్రమం నయం. కుళ్లిన ఆకుల నల్లమట్టిలో సిమెంట్ సరిగా గట్టిపడదు. ఆ పొర పలచగా ఉంటే తీసేయడమే మేలు.

ల్యాబ్‌లో వచ్చిన బలం సైట్‌లో రాదు, చాలా తక్కువే వస్తుంది. కారణం ఎక్కువగా కలపడంలోనే. కలిపిన వెంటనే చిన్న గుంట తవ్వించి, ఆ గుంట గోడ మీద ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే రంగు మారే ద్రావణం) చల్లి చూడండి. సున్నం, సిమెంట్ చేరిన చోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాని మచ్చలుంటే మళ్లీ కలపమనండి, మొహమాటపడొద్దు. సిమెంట్ కలిపాక రెండు గంటల్లోపు రోలర్ పని పూర్తవ్వాలి. తర్వాత ఒక వారం తడి ఆరకుండా చూడాలి.

ఇదంతా పై పొర సంగతి. ఒక్కో పొర 150 నుంచి 300 మిల్లీమీటర్లే. మెత్తని మట్టి కొన్ని మీటర్ల లోతుకు ఉంటే పైన గట్టి పెంకు కట్టినా ఇల్లు దిగుతుంది. అప్పుడు లోతుగా మట్టిలోనే సిమెంట్ కలిపే డీప్ మిక్సింగ్ స్తంభాలో, పైల్సో (లోతైన గట్టి నేల దాకా దింపే పునాది స్తంభాలు) ఆలోచించాలి. మీ సాయిల్ రిపోర్ట్‌లో మట్టి పరీక్ష కోసం బోర్ ఎంత లోతుకు వేశారో ముందు చూడండి. ఫుటింగ్ (పునాది అడుగున వేసే వెడల్పు దిమ్మ) అడుగు నుంచి దాని వెడల్పుకు కనీసం రెండింతల లోతైనా వెళ్లకపోతే, కాంట్రాక్టర్‌తో బేరం ఆడే ముందు మళ్లీ బోర్ వేయించండి.