మారిషస్‌లో ఆస్తంతా ఒక్క బిడ్డకే రాసేయొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మావారి కుటుంబం నాలుగైదు తరాలుగా మారిషస్‌లో ఉంటున్న తెలుగువాళ్లు. అత్తగారు ఎప్పుడో పోయారు, ఈమధ్యే మామగారూ పోయారు. ఇల్లు, చెరకు పొలం అన్నీ పెద్దకొడుకైన మావారికే చెందాలని ఆయన చేత్తో వీలునామా రాసి ఉంచారు. ఇద్దరు ఆడపడుచులున్నారు. వీలునామా పూర్తిగా అమలు కాదని, 1700ల నాటి ఫ్రెంచివాళ్ల కాలం నుంచీ అంతేనని నోటరీ అంటున్నారు. మామగారి స్వార్జితమే కదా, ఎందుకు చెల్లదు?

జవాబు: నోటరీ చెప్పింది నిజమేనమ్మా. మన దగ్గర హిందువులు స్వార్జితాన్ని ఎవరికైనా రాసుకోవచ్చు కాబట్టి మీకు ఈ సందేహం రావడం సహజం.

1721 నుంచి ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఆ దీవిలో జనాన్ని స్థిరపరిచింది. అప్పట్లో దాని పేరు ఈల్ ద ఫ్రాన్స్. అక్కడ నడిచింది పారిస్ ఆచార చట్టం. అందులోనూ మనలాగే పిత్రార్జితం వేరు, స్వార్జితం వేరు. పిత్రార్జితంగా వచ్చిన భూమిలో ఐదో వంతుకు మించి వీలునామాతో ఇవ్వడానికి లేదు. స్వార్జితం మొత్తం రాయొచ్చు, కానీ వీలునామా లేకుంటే బిడ్డకు ఎంత వచ్చేదో అందులో సగమైనా దక్కాలి. పెళ్లి ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, దంపతులు కూడబెట్టిన దాంట్లో సగం భార్యదే. దాన్ని భర్త ఇంకొకరికి రాయలేడు.

ఈ రక్షణ అందరికీ దక్కలేదు. బానిసలను చరాస్తి కింద లెక్కగట్టి వారసులు పంచుకునేవారు. విడుదల పొందిన బానిసకు తెల్లవాళ్లు వీలునామాతో ఏమీ ఇవ్వకూడదని 1723 నాటి రాజశాసనం చెప్పింది. యజమానికీ బానిస స్త్రీకీ పుట్టిన బిడ్డ విడుదలైనా, తండ్రి రాసిచ్చినది చట్టం దృష్టిలో చెల్లదు. ఆ కాలపు పంపకాల గురించి చెబుతూ ఈ మాట దాటవేయడం నాకు చేతకాదు.

1805లో నెపోలియన్ సివిల్ కోడ్ అక్కడికి వచ్చింది. 1810లో ఇంగ్లీషువాళ్లు దీవిని గెలిచినా, అక్కడి చట్టాలు, ఆచారాలు అలాగే ఉంచుతామని లొంగుబాటు ఒప్పందంలో ఒప్పుకున్నారు. ఆ తర్వాత చెరకు తోటల పనికి వెళ్లిన మనవాళ్ల ఆస్తులు కూడా ఈ కోడ్ కిందికే వచ్చాయి.

ఈ కోడ్‌లో పిత్రార్జితం, స్వార్జితం అన్న తేడా లేదు, పిల్లల సంఖ్యే లెక్క. ఒక్కరుంటే సగం, ఇద్దరుంటే మూడో వంతు, ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువ మంది ఉంటే నాలుగో వంతు మాత్రమే ఇష్టమొచ్చినట్టు రాయొచ్చు. మిగిలిన ముప్పాతిక మీవారికీ, ఇద్దరు ఆడపడుచులకీ సమానం. అంటే మీవారికి తన పాతిక భాగం, వీలునామాతో వచ్చే పాతిక భాగం కలిసి సగం వస్తుంది. ఆడపడుచులకు చెరో పాతిక. మామగారు బతికుండగా ఎవరికైనా రాసిచ్చినవి ఉంటే అవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

వీలునామా చించి పారేయాల్సిన కాగితమేం కాదు. మొత్తం ఆయన చేతిరాతే అయి, తేదీ, సంతకం ఉంటే సాక్షులు లేకపోయినా అది చెల్లుతుంది. కాకపోతే నాలుగో వంతు వరకే. అసలు ప్రతి మీద ఒక్క అక్షరం కూడా చేర్చకుండా నోటరీకి అప్పగించండి. మీ ఆడపడుచులకు తమ వాటా ఎంతో ముందు తెలియనివ్వండి, అంతవరకు వాళ్ల దగ్గర ఏ సంతకమూ తీసుకోవద్దు. పొలం ముక్కలు కాకూడదనుకుంటే, వాళ్ల వాటాకు సరిపడా డబ్బు ఇచ్చి నోటరీ దగ్గరే పంపకం పత్రం రాయించుకోండి.